పంచపాత్రలో తీర్థం

కొండ మీఁదను వెలసిన కూర్మితల్లి!
గుండె నిండిన గర్వంపు గూడు చెఱిపి,
మాట జాఱని నాలుక మాకొసంగి,
మమ్ముఁ గావుము కనకాద్రి మాతృమూర్తి!

విజయవాడలో ఒక ఆసుపత్రి. అత్యవసర విభాగం తలుపు ముందు వసారా. ఏకాదశి, పగలు పదకొండు గంటలు. చేతిలో కాగితంతో నర్సు జెస్సికా. ఎదురుగా చల్లపల్లి వస్త్రవర్తకులు భావనారాయణగారు. లోపల మంచం మీద ఆయన తమ్ముడి కొడుకు దుర్గాశంకర్.

"ఆ మాట మళ్ళీ అనకు అమ్మాయీ. విన్న పాపానికి చెవులు కడుక్కోవాలి."

"మీరు జవాబు చెప్తే మళ్ళీ అనక్కర్లేదండి. దుర్గాశంకర్‌గారు కొకైన్ తీసుకుంటారా? పొగలాగా పీల్చేది. తెల్లగా పలుకుల్లా ఉంటుంది, క్రాక్ అంటారు."

"అననే అన్నావు! వద్దన్నా అన్నావు!"

"అవునండి. ఇంకో నాలుగుసార్లయినా అంటాను. ముప్ఫై మూడేళ్ళ మనిషి కొట్లో గుండె పట్టుకుని పడిపోయాడంటే అడక్క తప్పదు."

"గుండె పట్టుకుని పడిపోతే గుండెకు వైద్యం చెయ్యండి. వంశానికి చెయ్యకండి. మా వంటింట్లో మూడు తరాలుగా ఉల్లిపాయ అడుగుపెట్టలేదు. మా నాయనగారు మగ్గం గుంటలో కూర్చుని, నాడె అటు విసిరితే ఒక పాదం, ఇటు విసిరితే ఒక పాదం, పద్యం చదువుతూ నేసేవారు. ఆ ఇంటివాణ్ణి పట్టుకుని గంజాయి దమ్ము కొట్టేవాళ్ళ వరసలో నిలబెడతావా?"

"గంజాయి కాదండి, కొకైన్."

"నరకంలో ఏ గది అయితేనేం!"

"మీరు కాస్త కూర్చోండి. వచ్చిన దగ్గర్నుంచీ ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నారు."

"నాకేం! డెబ్బై మూడేళ్ళు నాకు. ఈ పూట చూస్తే ఇరవై మూడు అనిపిస్తోంది. ఏకాదశి మహిమ. పొద్దున వెయ్యి నామాలూ పావుగంటలో చదివేశాను. ఎక్కడా ఊపిరి ఆగలేదు. మీ కుర్చీలు మీ రోగులకి అట్టేపెట్టు."

"సరేనండి. మరి ఆయన వేళ్ళు చూశారా? కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు. చివర్లు మాడి, కాయలు కాసి ఉన్నాయి."

"హుఁ! ఇదా నీ సాక్ష్యం? పట్టు వ్యాపారం గురించి ఏమైనా ఎరుగుదువా?"

"ఎరగనండి. చెప్పండి."

"చీర కొనేముందు అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లకి అందిస్తాం. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. బూడిద నలిపితే పొడి అవుతుంది. కల్తీ అయితే ప్లాస్టిక్ కంపు, ముద్ద. రోజుకి పాతిక పోగులు కాల్చేవాడి వేళ్ళు మాడక గంధం పూసినట్టుంటాయా?"

"ఆ పని మీరూ చేసేవారా?"

"యాభై ఏళ్ళు చేశాను. కరోనా వచ్చి నా ముక్కు చచ్చింది. అగరొత్తికీ మురిక్కాలవకీ తేడా తెలియదు. అప్పట్నుంచి వాసన చూసేది వాడే."

"మీ వేళ్ళు ఒకసారి చూపించండి."

"ఎందుకు?"

"ఊరికే... యాభై ఏళ్ళు కాల్చారు. ఒక్క మచ్చ లేదే."

"చేతనైనవాడికి చెయ్యి కాలదు."

"మరి ఆయన పెదవులు? కింది పెదవి మధ్యలో కాలి పొక్కింది. పోగుని పెదాలతో పట్టుకుని కాలుస్తారా మీ వ్యాపారంలో?"

"కాఫీ! వేడి కాఫీ తాగి ఉంటాడు. నర్సువా, పోలీసువా నువ్వు? నీ పేరేమిటి?"

"జెస్సికా అండి."

"ఆఁ. అదీ సంగతి."

"ఏది సంగతండి?"

"ఏం లేదు. మా ఆచారాలు నీకు తెలియవంటున్నాను. మా ఇళ్ళలో మనుషులు నవ్వు ముఖంతో ఉపవాసాలుంటారు. చిక్కిపోతారు. దాన్ని కూడా రోగమంటావు నువ్వు."

"బెల్టుకి కొత్తగా మూడు చిల్లులు పొడుచుకున్నారు మేకుతో. అంత చిక్కారు. నెలకి రెండు ఏకాదశులే కదండీ?"

"శనివారాలు కూడా ఉంటాడు."

"దగ్గితే నల్లగా పడుతోంది."

"ఆటోనగర్ పొగ. ఆ దారినే కదా రోజూ రాకపోకలు."

"గొంతు బొంగురు పోయింది."

"బేరాలాడి."

"జేబులో గాజు గొట్టం దొరికింది. వేలెడంత. ఒక చివర మసి."

"ఏ అత్తరు గొట్టమో. వర్తకుడన్నాక పదిమందిలో తిరుగుతాడు, ఘుమఘుమలాడాలి."

"అత్తరు గొట్టంలో గిన్నెలు తోమే స్టీలు పీచు ముక్క ఎందుకండి?"

"ఎవరో వాడి జేబులో వేసి ఉంటారు. గిట్టనివాళ్ళు. వన్‌టౌన్‌లో మా కొట్టు చూసి కడుపు మండేవాళ్ళు వందమంది."

"బెంగుళూరులో నాలుగేళ్ళు ఎమర్జెన్సీలో చేశానండి. ఆ గొట్టాలు ఎన్నో చూశాను, పీచు మీద పలుకు పెట్టి కాల్చి పీలుస్తారు. ప్రతి గొట్టం వెనకాలా మీలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు. కాఫీ అంటారు, దుమ్మంటారు, ఉపవాసం అంటారు."

"నాలాంటివాడు! నాలాంటివాడు బెంగుళూరులో ఎక్కడున్నాడు? చూడమ్మాయీ, చివరిసారి చెబుతున్నాను. ఆ విషం పీల్చేవాడు మనిషి కాడు. చిల్లిపడ్డ కొలిమితిత్తి. తనకు నిప్పు రాజేసుకోలేడు, ఊళ్ళో మాత్రం బూడిద చల్లుతాడు. దేవుడిచ్చిన ఊపిరిని గొట్టంలో పెట్టి తగలేసుకునేవాడికి మంచమెందుకు? మందెందుకు? ఆ విషం పడ్డ ఒంటిని బందరు కాలవలో పారేస్తే చేపలు కూడా ముట్టవు. అటువంటివాడు మా ఇంట్లో ఉన్నాడని నేను సంతకం చెయ్యాలా? కాగితం తీసి అవతల పెట్టు."

"మీకు చెమటలు పోస్తున్నాయి. ఏసీ ఉందిక్కడ."

"కోపం! కోపం వస్తే చెమట పట్టదా?"

"నోరెండిపోతోంది, పెదాలు తడుపుకుంటూనే ఉన్నారు. నీళ్ళు తెమ్మంటారా?"

"ఏకాదశినాడు తీర్థం తప్ప చుక్క ముట్టను. మాట మార్చకు."

"మార్చట్లేదండి. సంతకం పరువు కోసం కాదు, వైద్యం కోసం అడుగుతున్నాను. ఆ మత్తు గుండె రక్తనాళాల్ని బిగించేస్తుంది. తడి పంచె రెండు చివర్లూ పట్టుకుని పిండుతారు చూడండి, అట్లా. గుండేమో పరిగెడుతూ ఉంటుంది, దానికి రక్తం అందదు. మామూలు గుండెనొప్పయితే ఆ పరుగు తగ్గించడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. మత్తు ఒంట్లో ఉండగా అదే ఇంజెక్షన్ ఇస్తే నాళాలు ఇంకా బిగుసుకుపోవచ్చు. మనిషి పోవచ్చు. అప్పుడు ఇవ్వాల్సిన మందు వేరే. డాక్టర్‌గారు తేల్చుకోవాలి. మూత్రం పరీక్షకి పంపాం, బయట ల్యాబ్ నుంచి సాయంత్రానికి గానీ రాదు. ఆయన స్పృహలో లేరు. మిగిలింది మీరు."

"వాడికేమీ అలవాటు లేదు. అది రాసుకో."

"మీకు తెలుసా? తెలీదా?"

"నాకు తెలియనిది మా ఇంట్లో ఏముంటుంది! నాలుగు రోజులుగా వాడింట్లోనే ఉంటున్నాను."

"సిస్టర్... మందులు తెచ్చానండి. చీటీలో ఉన్నవన్నీ ఇచ్చారు."

"రండి సాయిశ్రీగారూ. మీరు ఆయన భార్య కదా, మిమ్మల్ని అడుగుతాను. మీ వారు..."

"దాన్ని అడిగేదేమిటి? పెద్దవాణ్ణి నేనుండగా! అమ్మాయ్, నువ్వెళ్ళి ఆ మూల కూర్చో."

"సరే మామయ్యగారూ."

"కూర్చోకండి సాయిశ్రీగారూ. మీ వారు రాత్రిళ్ళు నిద్రపోతారా?"

"అంటే... కొంచెం... తక్కువేనండి."

"జాగరణ. ధ్యానం చేసుకుంటాడు."

"మిమ్మల్ని కాదు పెద్దాయనా. ఎన్ని రాత్రులు నిద్రపోలేదమ్మా?"

"నాకేం తెలీదండి. మామయ్యగారికి తెలుసు."

"చూశావా? ఎంత పద్ధతిగా చెప్పింది! అదీ పెంపకం."

"మీ చేతికి ఆ కట్టేమిటి?"

"ఇది... తలుపులో పడిందండి."

"ఏ తలుపు?"

"ఇంట్లో తలుపు."

"అమ్మాయీ! మా కోడలు చేతి సంగతి నీకెందుకు? లోపలున్నవాడి గుండె సంగతి చూడు."

"అదే చూస్తున్నానండి. సాయిశ్రీగారూ, మళ్ళీ మళ్ళీ అడిగే టైం లేదు. తప్పు మందు పడితే ఆయన బతకరు. ఒక్క మాట చెప్పండి. మీ వంటింట్లో స్టీలు పీచులు..."

"పోయిన నెల ఆరు కొన్నాను సిస్టర్. మేం ఇద్దరం. గిన్నెలు నాలుగు."

"సాయిశ్రీ!"

"ఎలకలు ఎత్తుకుపోతున్నాయేమో అన్నారు ఆయన. ఎలకలు స్టీలు పీచు ఏం చేసుకుంటాయి మామయ్యగారూ?"

"నోరు మూసుకో."

"మూసుకునే ఉన్నాను ఏడాది నుంచీ! కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఎదుటి మేడ మీంచి ఎవరో చూస్తున్నారంటారు. చర్మం కింద చీమలు పాకుతున్నాయని నా చీర పిన్నీసు తీసుకుని చెయ్యంతా గీరుకున్నారు. మీరొచ్చారని ఈ నాలుగు రోజులూ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నారు. మీరు చూడలేదా?"

"దిష్టి. దృష్టిదోషం. అమావాస్యకి గుమ్మడికాయ కొట్టిస్తాను..."

"ఎగ్జిబిషన్‌కని గోవా తీసికెళ్ళారు చీరలు. అక్కడ అలవాటైంది. మొదట్లో ఆస్తమాకి మందన్నారు. నమ్మాను."

"నమ్మకు! అది చెప్పేది ఏదీ నమ్మకు అమ్మాయీ! మొగుడి మీద కోపంతో చెబుతోంది. నేను రుజువు చూపిస్తాను. వాడు ఎంత దైవభక్తి కలవాడో, ఎంత ఆచారవంతుడో నా దగ్గర రుజువుంది. వినండి ఇద్దరూ."

"ఒకసారి మీ చెయ్యివ్వండి, నాడి చూస్తాను."

"ఉండమంటుంటే! ఈవేళ పొద్దున పూజకు కూర్చున్నాను. తీర్థంలోకి పచ్చకర్పూరం లేదు. ఏకాదశి తీర్థానికి పచ్చకర్పూరం లేకపోవడమేమిటి, ఏం కొంప ఇది అనుకున్నాను. కోడల్ని పిలుద్దామంటే, ఈ మూడు రోజులూ పూజగది గడప తొక్కే వీలు లేదు దానికి. నేనే వెతికాను. అమ్మవారి పటం వెనకాల, గుడ్డలో చుట్టి, వెండి భరిణె! మూత తీస్తే ఏముందనుకున్నావు?"

"ఏముందండి?"

"పచ్చకర్పూరం! తెల్లటి పలుకులు. కాస్త పసుపు తిరిగాయి, పాతబడినట్టుంది. చూశావా మరి! అమ్మవారి వెనకాల, వెండి భరిణెలో, పరాయి చెయ్యి పడకుండా దాచుకున్నాడు వాడు. కళ్ళు చెమ్మగిల్లాయి నాకు. ఎప్పటికప్పుడు స్వామికి సమర్పించుకోవాలని దాచుకున్నవాడు గొట్టాలు పీలుస్తాడా? చెప్పు! ఇప్పుడు చెప్పు! ఏమిటలా చూస్తారు ఇద్దరూ?"

"మామయ్యగారూ... ఆ భరిణె తీశారా?"

"తీశాను. తప్పా?"

"అది ఆయనది. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నారు. ఒకసారి ముట్టుకున్నాను. ఈ కట్టు అదే."

"తలుపులో పడిందన్నావు..."

"దాంట్లో ఉన్నదే గొట్టంలో పెట్టి కాలుస్తారు మామయ్యగారూ. అమ్మవారి వెనకాలైతే పనిమనిషి చెయ్యి పెట్టదని అక్కడ దాచారు."

"అబద్ధం."

"పెద్దాయనా, ఆ పలుకులకి వాసన ఉందా?"

"వాసనా... చెప్పానుగా. నా ముక్కు..."

"రుచి?"

"తీర్థం ఒక చెంచా పడగానే నాలుక మొద్దుబారింది. అసలైన పచ్చకర్పూరం గుణమే అది అనుకున్నాను. కొంచెం చేదు. భరిణెలో పాతబడి..."

"హెలెన్ సిస్టర్! హెలెన్! డాక్టర్‌గారికి చెప్పు, ఆ ఇంజెక్షన్ వద్దు! మూడో మంచం, క్రాక్ కొకైన్, భార్య చెప్పారు! పరిగెత్తు! పెద్దాయనా, ఎన్ని పలుకులు వేశారు తీర్థంలో?"

"వెయ్యడమేమిటి... పాలు పోసి, తులసి వేసి, రెండు పలుకులు మెత్తగా నలిపి..."

"రెండా?"

"రెండే. మిగిలినవి మళ్ళీ అమ్మవారి వెనకాలే పెట్టాను, పవిత్రంగా."

"ఎవరెవరు తాగారు? సాయిశ్రీగారూ, మీరు?"

"లేదు సిస్టర్. నేను బయటున్నాను కదా. నా నీడ పడకూడదని హాల్లోంచి కూడా పొమ్మన్నారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను."

"ఆయన తాగారా, మీ వారు?"

"పొద్దున్నే కొట్టుకెళ్ళిపోయారండి. ఇంట్లో ఇంకెవరూ లేరు."

"మరి తీర్థం ఎవరు..."

"తీర్థం పారబోయకూడదు."

"పెద్దాయనా?"

"ఏకాదశి తీర్థం మిగల్చకూడదు, పారబోయకూడదు. పుచ్చుకునేవాళ్ళు లేకపోతే పూజ చేసినవాడే పుచ్చుకోవాలి. మా నాయనగారి మాట అది."

"ఎంత తాగారు?"

"పంచపాత్ర ఖాళీ చేశాను."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నర దాటింది. ఆ తర్వాతే కదా... ఒంట్లోకి ఏదో శక్తి వచ్చినట్టు... వెయ్యి నామాలూ పావుగంటలో..."

"చెయ్యివ్వండి. ఇవ్వండి ముందు... నూట నలభై! కూర్చోండి. ఇక కూర్చోవాల్సిందే. నా వైపు చూడండి. కంటిపాపలు బాగా విచ్చుకున్నాయి. ఛాతీలో ఎలా ఉంది?"

"ఏం లేదు. ఏదో... పంచె పిండినట్టు అన్నావే ఇందాక."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదటిసారి ఆ మాట అన్నప్పట్నుంచీ. కోపమనుకున్నాను."

"సాయిశ్రీగారూ, ఆ పక్కనున్న చక్రాల మంచం లాగండి ఇటు. పెద్దాయనా, భుజం మీద చెయ్యి వెయ్యండి. మెల్లగా. ఈసీజీ తీద్దాం. భయపడకండి, మందుంది. ఏం పుచ్చుకున్నారో తెలిసింది కాబట్టి మందుంది."

"నేను పడుకుంటాను సరే. వాడికి తప్పు మందు పడలేదు కదా?"

"హెలెన్ తల ఊపుతోంది చూడండి. పడలేదు. సమయానికే తెలిసింది."

"మామయ్యగారూ, కళ్ళు మూసుకోకండి. నన్ను చూడండి."

"నీ కట్టు చూస్తున్నానమ్మా. పొద్దున కూడా చూశాను. ఆడవాళ్ళు పనిదొంగలు, వంటకి వంక పెట్టుకుందనుకున్నాను."

"ఇప్పుడెందుకండీ అవి."

"అమ్మా జెస్సికా... ఇందాక నేనేమన్నాను? ఆ విషం పడ్డ ఒంటికి మంచమెందుకన్నాను."

"అన్నారండి. పడుకోండి. తల కింద ఎత్తు పెడుతున్నాను."

"బందరు కాలవ అన్నాను. చేపలన్నాను."

"అన్నీ గుర్తున్నాయండి. మాట్లాడకండి, గుండె ఇంకా పరిగెడుతుంది."

"నీ కాగితం ఏదీ?"

"ఇక సంతకం అక్కర్లేదు. సాయిశ్రీగారు చెప్పేశారు."

"అక్కర ఉంది. కలమివ్వు. నువ్వు రాయి, కింద నేను సంతకం చేస్తాను. రాయమ్మా. మా ఇంట్లో ఆ విషం తీసుకున్నది ఒకడు కాదు, ఇద్దరని రాయి."

ఈ మాటలు చెవినబడిన వారందరికీ ఊపిరి చల్లగా, గుండె నెమ్మదిగా, తోటివారి మీద నోరు మెత్తగా ఉండుగాక. వారి ఇంటి తీర్థం తీర్థంగానే ఉండుగాక.